తగ్గని ఆయాసం వెనుక ఒక తిత్తి
జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల తల్లిదండ్రులకు ఒక మాట. పసిబిడ్డకు నెబులైజర్ పెట్టిన కొద్దిరోజులకే ఆయాసం తిరగబెడుతుంటే ఉబ్బసమని సరిపెట్టుకోకండి. ఒక్కసారి ఛాతీ ఎక్స్‌రే తీయించండి.

గర్భస్థ శిశువులో నాలుగో వారంలో అన్నవాహిక, శ్వాసనాళం ఒకే గొట్టం నుంచి విడివడడం మొదలవుతుంది. ఆ దశలో లోపం జరిగితే అన్నవాహికను ఆనుకొని ఒక తిత్తి మిగిలిపోవచ్చు. అది ద్రవంతో ఉబ్బి శ్వాసనాళాన్ని నొక్కుతుంది. కొన్ని తిత్తుల లోపల జీర్ణాశయపు పొర ఉంటుంది. అందులో ఊరే ఆమ్లం వల్ల పుండు పడి రక్తస్రావం కూడా జరగవచ్చు. తల్లి తిన్న తిండి దీనికి కారణం కాదు, గ్రహణం అసలే కాదు.

అరుదైన జబ్బే, ఒప్పుకుంటాను. నేనూ యువకుడిగా ఉన్నప్పుడు ఎక్స్‌రే ఆలోచన లేకుండా ఎన్నో సీసాల దగ్గుమందు రాసినవాడినే. అయితే ఎక్స్‌రేలో నీడ కనబడగానే, ఇతర ఆధారమేదీ లేకుండా, టి.బి. మందులు మొదలుపెట్టడం నాకు సమ్మతం కాదు. వెన్నుపూసల్లో కూడా లోపముంటే ఈ తిత్తిని తప్పక అనుమానించాలి. సి.టి. స్కాన్‌లో దాని స్వరూపం తెలుస్తుంది. మందులకు కరగదు, శస్త్రచికిత్సతో తొలగించవలసిందే.

2023 నాటికి ఈ మూడు జిల్లాలకూ ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. ఎక్స్‌రే కోసం వరంగల్ దాకా పోనక్కరలేదు. ఆపరేషన్‌కు మాత్రం హైదరాబాదు నీలోఫర్ వంటి, పిల్లల శస్త్రచికిత్స నిపుణులున్న ఆసుపత్రికే వెళ్ళండి. పాత ఎక్స్‌రేలన్నీ వెంట తీసుకువెళ్ళడం మరవకండి.