అద్దానికి పట్టిన చెమట



ఈ నెల మన శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో నిజాంపట్నం వైపు నుంచి ఒక సహోదరి రాసిన ఉత్తరాన్ని ముందుగా తీసుకుంటున్నాను. ఆమె భర్త మరబోటు మీద కలాసీ. డిసెంబరు మొదలైన దగ్గర్నుంచి క్యాబిన్ అద్దాలకు లోపలివైపు రాత్రంతా నీళ్లు కారుతున్నాయట. తెల్లవారేసరికి దుప్పట్లు తడి, చొక్కాలు తడి. “ఎక్కడో సందులోంచి కారుతోందని అద్దాల చుట్టూ లప్పం పెట్టారు, తలుపు సందుల్లో గోనెపట్టలు కుక్కారు, పైన గాలి వచ్చే కన్నాన్ని కూడా చెక్కతో మూసేశారు. అయినా ముందుకంటే ఎక్కువైంది. బోటు పాడైపోయిందంటారా అన్నయ్యగారూ?” అని అడిగింది.

బోటు పాడవలేదు చెల్లెమ్మా. ఆ నీళ్లు సముద్రంలోంచి వచ్చినవి కావు. లోపల పడుకున్న మనుషుల్లోంచి, పొయ్యి మీది అన్నపు గిన్నెలోంచి వచ్చినవి. కన్నాలు మూసినకొద్దీ ఎక్కువైందంటే అందులో ఆశ్చర్యం లేదు.

మా చీరాల వాడరేవులో ఇసుక మీద కనిపించే ఫైబర్ పడవలవాళ్లకు ఈ బాధ లేదు. వాటికి గదెక్కడ, అద్దమెక్కడ! రోజుల తరబడి సముద్రం మీద ఉండే మరబోట్లకే ఇది వస్తుంది. అయితే ఈ సంగతి బోటువారికి మాత్రమే అనుకుని పేజీ తిప్పేయకండి. రేకుల ఇంట్లో ఉండేవారికీ, బియ్యం బస్తాలు సిమెంటు గచ్చు మీద పెట్టుకునేవారికీ ఇందులో పని ఉంది.

మనం “మంచు కురుస్తోంది” అంటాం గాని, గడ్డి మీద కనిపించే ఆ నీటిబొట్లు ఆకాశంనుంచి కురిసేవి కావు. లండనులో వైద్యం చేసిన విలియం చార్లెస్ వెల్స్ అనే ఆయన రాత్రిళ్లు తోటలో చిన్న చిన్న ఉన్ని కుచ్చులు పెట్టి, ఎంత నీరు పట్టిందో తెల్లవారి తూకం వేసి చూశాడు. చల్లబడిన వస్తువుకు గాలి తగిలినప్పుడు గాలిలోని ఆవిరే నీరై దానికి పడుతుందని 1814లో పుస్తకం రాశాడు. ఉన్ని, మంచు అనగానే మీకు గిద్యోను గుర్తుకు వచ్చే ఉంటాడు. అతడు కళ్లంలో ఉంచిన గొఱ్ఱెబొచ్చును పిండితే పాత్ర నిండింది కదా. అది దేవుడు అతనికిచ్చిన గుర్తు. మన క్యాబిన్ అద్దం సంగతి మాత్రం రోజూ జరిగేదే.

లెక్క చూడండి. మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరు ఎత్తు ఉన్న గాలి 30 డిగ్రీల వేడిలో సుమారు 30 గ్రాముల నీటి ఆవిరిని పట్టుకోగలదు. అదే గాలి 20 డిగ్రీలకు చల్లబడితే 17 గ్రాములు మాత్రమే పట్టుకుంటుంది. మిగిలిన 13 గ్రాములు ఎక్కడికి పోవాలి? దగ్గర్లో ఏది బాగా చల్లగా ఉంటే దానికి పడుతుంది. బోటులో అది అద్దం. జనవరిలో మన తీరాన రాత్రి చలి 20 డిగ్రీల దాకా, ఒక్కోసారి ఇంకా కిందికి దిగుతుంది. లోపల మనుషుల వేడి, పొయ్యి వేడి. మధ్యలో ఆ పలచని అద్దం ఒక్కటే.

ఇక ఆవిరి ఎంత వస్తుందో చూద్దాం. మనిషి నిద్రలో ఉన్నా సరే, ఊపిరితోనూ ఒంటిమీద నుంచీ గంటకు సుమారు 40 గ్రాముల నీరు గాలిలో కలుపుతాడు. ఆరుగురు ఆరు గంటలు పడుకుంటే దాదాపు లీటరున్నర! దీనికి వంట తోడు. అన్నం ఉడికేటప్పుడు లేచే ఆవిరి కంటికి కనిపిస్తుంది గాని, మంటలోంచి కూడా నీరు పుడుతుందంటే చాలామంది నమ్మరు. గ్యాసులోనూ కిరసనాయిలులోనూ ఉన్న హైడ్రోజను గాలిలోని ఆక్సిజనుతో కలిసి నీటి ఆవిరి అవుతుంది. కిలో గ్యాసు కాలితే కిలోన్నరకు పైగా నీరు, కిలో కిరసనాయిలు కాలితే కిలోంబావుకు పైగా నీరు. చలికి ఓర్వలేక తలుపు మూసి, వెచ్చదనం కోసం స్టవ్ వెలిగించుకుంటే క్యాబిన్‌లో మనమే వాన కురిపించుకున్నట్టు.

నాకు ఈ ఉత్తరంలో భయం కలిగించింది ఆ తడి కాదు. ఆ గోనెపట్టలూ, చెక్కతో మూసిన ఆ కన్నమూ.

మూసిన గదిలో స్టవ్ గాని, బొగ్గుల కుంపటి గాని వెలుగుతూ ఉంటే గాలిలో ప్రాణవాయువు తగ్గిపోతుంది. అప్పుడు మంట సరిగా కాలక కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. ఇంజను పొగగొట్టానికి చిల్లు పడి పొగ క్యాబిన్ కిందికి చేరినా అదే వాయువు వస్తుంది. నిద్రలో ఉన్నవాడికి అది తెలియదు, లేచేందుకు ఒంట్లో శక్తీ ఉండదు. తలనొప్పి, వికారం, కళ్లు తిరగడం, కాళ్లలో నీరసం దాని గుర్తులు. సముద్రం మీద ఇవి కనిపిస్తే మనవాళ్లు అలల తిప్పుడు అనుకుంటారు. ఏళ్ల తరబడి వేట చేసి ఏనాడూ తిప్పుడు ఎరగని మనిషికి అలా ఉన్నా, ఇద్దరు ముగ్గురికి ఒకేసారి అలా ఉన్నా, వెంటనే పొయ్యి ఆపి, తలుపులన్నీ తెరిచి, అందరినీ బయటి గాలిలోకి తేవాలి. తర్వాత డాక్టరుకు చూపించాలి. పొయ్యి వెలిగించి నిద్రపోవడం అనేది బోటులోనైనా ఇంట్లోనైనా వద్దే వద్దు.

గనుక చెల్లెమ్మా, మీవారికి మొదట చెప్పవలసిన మాట ఇది: ఆ చెక్క ఊడదీయమనండి, ఈ రోజే.

నిజంగా కారుతోందా, లేక చెమరుస్తోందా అని అనుమానం తీరాలంటే ఒక పని చేయవచ్చు. అద్దాన్ని, దాని చట్రాన్ని మంచినీళ్లతో కడిగి పొడిగుడ్డతో తుడవాలి. వాన లేని రాత్రి గడిచాక పొద్దున్నే ఆ నీటిని ఒక చుక్క నాలుక మీద వేసుకుని చూడాలి. ఉప్పగా ఉంటే సముద్రపు నీరు లోపలికి వస్తున్నట్టే, అప్పుడు లప్పం పని ఉంది. చప్పగా ఉంటే అది ఊపిరి నీరు. ముందు కడగకుండా చూస్తే అద్దం మీద పేరుకున్న ఉప్పు కలిసి మోసం చేస్తుంది.

గాలికి ఎప్పుడూ రెండు దారులుండాలి. కింద తలుపు దగ్గర ఒకటి, పైకప్పు దగ్గర వెనకవైపు ఇంకొకటి. అరచేయంత చొప్పున ఉన్నా మేలే. వెచ్చటి ఆవిరి పైకి లేస్తుంది గనుక పై కన్నంలోంచి పోతుంది, కింది దానిలోంచి కొత్త గాలి వస్తుంది. ఒక్క కన్నమే పెడితే గాలి సరిగా కదలదు. పై కన్నానికి కిందికి వంగిన రేకు మూత పెట్టిస్తే అలల తుంపర లోపలికి రాదు. “సముద్రం మీద బయటి గాలి కూడా చెమ్మగాలే కదా, దాన్ని రానిస్తే లాభమేమిటి?” అని కొందరంటారు. మంచి ప్రశ్నే. బయటి 20 డిగ్రీల గాలి ఎంత చెమ్మగా ఉన్నా, లోపలికి వచ్చి 26 డిగ్రీలకు వేడెక్కితే ప్రతి ఘనపు మీటరులోనూ ఇంకో 7 గ్రాముల ఆవిరికి చోటు ఏర్పడుతుంది. ఆ చోటులో మన ఊపిరిని మోసుకుని బయటికి పోతుంది. ముసురు పట్టిన రోజుల్లో ఈ లాభం కొంత తగ్గుతుంది. అలలు ఎక్కి వచ్చేటప్పుడు గాలి కొట్టేవైపు మూయాల్సిందే, అవతలివైపు మాత్రం వేలెడు సందు ఉంచాలి. పూర్తిగా మూయక తప్పని గంటల్లో పొయ్యి వెలిగించకూడదు.

తుడిచిన గుడ్డను క్యాబిన్‌లోనే ఆరేస్తారు చాలామంది! తుడిచిన నీళ్లు తెల్లారేలోగా మళ్లీ అద్దం ఎక్కుతాయి. బయటే పిండి, బయటే ఆరేయాలి. తడి చొక్కాలూ అంతే. వండేటప్పుడు గిన్నె మీద మూత ఉంచి, తలుపు తెరిచి ఉంచాలి.

ఉప్పు సంగతి కూడా ఒక మాట. వానాకాలంలో మన చినగంజాం ఉప్పు బస్తా కింద నీరు చేరడం మీరందరూ చూసినదే. గాలిలో తేమ ముప్పాతిక వంతు దాటితే ఉప్పు ఆ తేమను లాక్కుని తానే కరుగుతుంది. సముద్రపు నీటితో తడిసి ఆరిన దుప్పటి అందుకే ఎప్పుడూ జిడ్డుగా, తడిగా ఉంటుంది. బోటు ఒడ్డుకు వచ్చినప్పుడల్లా పక్కబట్టల్ని మంచినీళ్లలో ఉతికి ఎండలో వేయాలి. ఇది ఇంట్లో ఆడవాళ్ల మీద పడే పనే అని తెలుసు. ఆ మగవాళ్లు కూడా ఒక చేయి వేస్తే తప్పు లేదు.

డ్రైవరు ముందున్న అద్దం సంగతి వేరు. రాత్రివేళ సరుకు ఓడలు తిరిగే చోట ఆ అద్దం మసకబారితే ప్రాణాల మీదికి వస్తుంది. దాని మీద సబ్బుముక్క పలచగా రుద్ది, మరకలు పోయేదాకా పొడిగుడ్డతో తుడిస్తే నీరు బొట్లుబొట్లుగా నిలవక పలచని పొరలా పరుచుకుంటుంది, అవతల కనిపిస్తుంది. కొందరు బస్సు డ్రైవర్లు వానలో పొగాకు రుద్దేదీ ఇందుకే. కొద్ది గంటలకు మళ్లీ చేయాలి. అంతకన్నా ఆ పక్క కిటికీ కొంచెం తెరిచి ఉంచుకోవడం మేలు, చలికి మఫ్లరు కట్టుకోవచ్చు. చలిదేశాల పడవల్లో రెండు పొరల అద్దాలు వాడతారు, మధ్యలో గాలి ఉండి లోపలి పొర చల్లబడదు. మనకు అంత ఖర్చు దండగ.

అద్దం మీది చెమట కంటికి కనబడుతుంది. కనబడని చెమట డీజిలు ట్యాంకులో పడుతుంది. సగం ఖాళీగా ఉన్న ట్యాంకులో మిగతా సగం గాలే. రాత్రి ట్యాంకు చల్లబడినప్పుడు ఆ గాలిలోని ఆవిరి లోపలి గోడలకు పట్టి, కిందికి జారి, డీజిలు అడుగున నీరై నిలుస్తుంది. నీరు డీజిలు కంటే బరువు కదా. అది ఇంజనులోకి పోతే నడిసముద్రంలో ఇంజను ఆగిపోతుంది. రేవులో బోటు కట్టేసి ఉంచే రోజుల్లో, కుదిరినంతవరకు ట్యాంకు నింపి ఉంచడం మంచిది. బయలుదేరే ముందు ఫిల్టరు అడుగున చేరిన నీటిని వదిలేయాలి.

ఇప్పుడు ఇళ్ల మాట. 1977 నవంబరు 19 ఉప్పెన తర్వాత రేపల్లె, నిజాంపట్నం తీరంలో తాటాకు ఇళ్లు తగ్గి స్లాబులు, రేకులు పెరిగాయి. తుపానుకు అవే మంచివి, సందేహం లేదు. కాని తాటాకు చలికాలంలో చెమర్చేది కాదు, రేకు చెమరుస్తుంది. ఇనుపరేకు రాత్రి ఆకాశం కింద తొందరగా చల్లబడి, తెల్లవారుజామున పడుకున్నవాళ్ల ముఖం మీద చుక్కలు రాలుస్తుంది. రేకుకు చిల్లు పడిందని తారు పూసి ప్రయోజనం లేదు. రేకుకూ గోడకూ మధ్య సందును మట్టితో మూసేయకుండా వలకట్టి వదిలేయండి. రేకు కింద తాటాకు చాప గాని వెదురు దడి గాని కడితే చాలావరకు ఆగుతుంది. థర్మోకోల్ అంటించేవారున్నారు, అది మంటకు ఇట్టే అంటుకుంటుంది గనుక పొయ్యి ఉన్న చోట వద్దు. బియ్యం బస్తాల కింద చెక్కలు వేసి, గోడకు జానెడు దూరం జరపండి.

చెమ్మ అంటేనే చెడ్డది అనుకోకండి. మా చీరాల నేతవారిని అడగండి, గుంట మగ్గం నేలలోకి దిగి ఉండడం వల్ల వచ్చే చల్లదనమూ చెమ్మా నూలుపోగు తెగకుండా కాపాడతాయి. ఎండిన పొగాకు ఆకును రైతులు పొద్దున్నే, మంచుకు మెత్తబడినప్పుడే కదుపుతారు, లేకపోతే పొడైపోతుంది.

చెల్లెమ్మ ఇంకొకటి కూడా అడిగింది: కన్నాలు కోయించడానికి బోటు యజమాని ఇప్పుడు ఒప్పుకోడట, వేట ఆపాలి గనుక. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం ఉంటుంది కదా. ఎలాగూ బోట్లకు మరమ్మతులు జరిగే రోజులవి. కింది కన్నం, రేకు మూత ఆ పనితోపాటే చేయించమని ఇప్పటినుంచే చెప్పి ఉంచండి. పొగగొట్టం కూడా అప్పుడే చూపించమనండి. ఈ లోపల చెక్క తీసేసిన పై కన్నం ఒకటి, వేలెడు సందుతో తలుపు ఒకటి ఉంటే రాత్రులు గడుస్తాయి. తలుపు దానంతట అది మూసుకుపోకుండా కిందొక చెక్కముక్క పెట్టి, తాడుతో కట్టమనండి.