కళ్ళెం ఎవరి చేతిలో?

గుర్రం పందెంలో మోసపోయిన మొట్టమొదటి మనిషి ఎవరని అడిగితే, తెలుగు పంతులును గనుక నేను వినత పేరు చెబుతాను. ఉచ్చైశ్రవం ఒళ్ళంతా తెలుపేనన్నది ఆమె. తోక నలుపన్నది కద్రువ. ఓడినవారు గెలిచినవారికి దాస్యం చేయాలని పందెం. చీకటి పడుతున్నది, రేపు చూద్దామన్నారు. ఆ రాత్రి కద్రువ కొడుకులను పిలిచి, పోయి ఆ తోకకు చుట్టుకోండర్రా అన్నది. అధర్మమన్న కొడుకులకు శాపం దొరికింది. కర్కోటకుడు మాత్రం సరేనని పోయి వేలాడాడు. మర్నాడు దూరం నుంచి చూసిన వినతకు నల్లతోకే కనిపించింది. పాపం, గుర్రానికి ఇదేమీ తెలియదు.

నేటి రేసుల సంగతీ ఇంచుమించు ఇంతే. మోసమంటూ జరిగితే అది ముందురోజే జరుగుతుంది. మనం చూసేది మర్నాడు, అదీ దూరం నుంచి.

ఈ ప్రసంగం ఎత్తడానికి కారణం మా బావ. మా బచ్చన్నపేటలో గుర్రమంటే పెళ్ళికొడుకు ఊరేగేదే గాని, పందేనికి పరుగెత్తేది లేదు. అయినా మా బావ నాలుగేళ్ళ నుంచి గుర్రాల జాతకాలు రాస్తున్నాడు. జనగామలో ఒక కమీషను దుకాణంలో పద్దులు రాసే మనిషి. దస్తూరి ముత్యాల కోవ. ధాన్యం లెక్క ఒక పుస్తకంలో, గుర్రాల లెక్క మరొక పుస్తకంలో. మైదానానికి పోయి పందెం కాసే అలవాటు లేదు. ముఖమైనా ఎరుగని ఒక బుకీకి ఫోనులోనే చెబుతాడు. కిందటి చలికాలం ఎక్కడో మరో నగరంలో జరిగిన అడుగు తరగతి రేసులో, అందరూ గెలుస్తుందన్న గుర్రం మీద 18,000 రూపాయలు పెట్టాడు. అది ఆరోది వచ్చింది. ఆ డబ్బు మా అక్క బోరు మోటారు బాగుచేయించడానికి దాచినది.

"ఆపిండు బామ్మర్దీ! కండ్లార చూసిన. జాకీ పగ్గం గుంజి పట్టిండు" అంటూ ఆ పరుగును ఫోనులో నాకు పదిసార్లు చూపించాడు. నాకు కనిపించిందల్లా ఒక గుర్రం మెడ ఎత్తడం, దాని ముందు మరి రెండు గుర్రాల పిర్రలు.

పొయ్యి దగ్గర నుంచి మా అక్క అన్నది: "గుర్రాన్ని ఆపిన్రో లేదో నాకెందుకురా? ఈయనను ఆపెటోళ్ళు ఎవరన్న ఉన్నరా, అది చెప్పు."

అక్క ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. బావ ప్రశ్నకు మాత్రం కొంత ఉన్నది.

ముందుగా ఒక మాట. అన్ని రేసులూ ఒకటి కావు. మన హైదరాబాదులోనే చూడండి. మౌలాలీలో జరుగుతుండిన పందేలను ఆరవ నిజాం మహబూబ్ అలీ పాషా 1886లో మలక్‌పేటకు మార్పించాడు. నడుమ కొన్నేళ్ళు సికిందరాబాదు పరేడ్ మైదానానికి పోయినా, రేసులు మళ్ళీ అక్కడికే చేరాయి. ఏటా సాధారణంగా అక్టోబరు 2న అక్కడ దక్కన్ డర్బీ జరుగుతుంది. అటువంటి పెద్ద పందెంలో గుర్రాన్ని ఎవరూ ఆపరు. బహుమతి పెద్దది, పేరు అంతకంటే పెద్దది. డర్బీ గెలిచిన గుర్రం పిల్లలకు కూడా గిరాకీ ఉంటుంది. బరువులు కూడా అన్నిటికీ సమానం, ఆడ గుర్రాలకు కొద్దిగా తగ్గింపు. అక్కడ దాచుకొని లాభపడేదేమీ లేదు.

అడుగు తరగతి రేసుల కథ వేరు. అక్కడ నడిచేది హేండికాపు పద్ధతి. ప్రతి గుర్రానికీ దాని పరుగును బట్టి ఒక అధికారి ఇన్ని పాయింట్లని రేటింగు వేస్తాడు. పాయింటుకు అరకిలో చొప్పున బలమైన గుర్రం వీపు మీద ఎక్కువ బరువు, బలహీనమైన దాని మీద తక్కువ. జాకీ బరువు చాలకపోతే జీనులో సీసపు బిళ్ళలు పెడతారు. అన్ని గుర్రాలూ కలిసికట్టుగా గమ్యం చేరాలనీ, పందెం రక్తి కట్టాలనీ ఈ ఏర్పాటు. ఉద్దేశం మంచిదే. కాని గెలిస్తే బరువు పెరుగుతుంది, ఓడుతూ పోతే తగ్గుతుంది. గెలిచినవాడికి దండన, ఓడినవాడికి ఓదార్పు!

మా కాలేజీలో ఇటువంటి పద్ధతి పెడితే ఏమవుతుందో నేను ఊహించగలను. మొదటి పరీక్షలో తక్కువ వచ్చినవాడికి తర్వాత పరీక్షలో సులువు ప్రశ్నలిస్తామని చెప్పండి. తెలివైన కుర్రవాడు మొదటి పరీక్షకు కాగితం తెల్లగా ఇచ్చి పోతాడు. వాణ్ణి దొంగ అనాలా, లెక్క తెలిసినవాడనాలా?

40 పాయింట్ల గుర్రం వరుసగా నాలుగుసార్లు వెనకబడి 34కు దిగిందనుకోండి. మూడు కిలోలు తగ్గాయి. మైలు పరుగులో కిలో బరువంటే ఉజ్జాయింపుగా ఒక గుర్రం నిడివి అంటారు. అంటే మూడు నిడివుల దూరం ఉత్త పుణ్యానికి చేతికి వచ్చింది. అంతేకాదు, నాలుగుసార్లు ఓడిన దాన్ని ఎవరూ లెక్కచేయరు గనుక, మొదట్లో రూపాయికి రెండు ఇస్తానన్న బుకీ ఇప్పుడు రూపాయికి పది ఇస్తానంటాడు. ఆ రోజున యజమాని నిజంగా పరిగెత్తించి, చేతిలో ఉన్నదంతా దాని మీద కాస్తే?

యజమానికి ఈ ఆశ ఎందుకు పుడుతుందో కూడా చెప్పాలి. గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదని మనవాళ్ళు ఊరికే అనలేదు. లాయం అద్దె, ట్రైనరు జీతం, సైసు జీతం, నాడాలు, మందులు - ఇవి గెలిచినా తప్పవు, ఓడినా తప్పవు. అడుగు తరగతి బహుమతి చిన్నది; అదైనా అందరికీ రాదు. పది గుర్రాల పందెంలో నలుగురైదుగురికి ఏదో ముడుతుంది, మిగిలినవారికి దుమ్ము. వచ్చే డబ్బుతో దాణా ఖర్చు వెళ్ళని యజమానికి పందెం మీద కన్ను పడుతుంది. అందరూ ఇటువంటివారని కాదు. తమ గుర్రం వెనక నుంచి మూడోది వచ్చినా దాని మెడ నిమిరి బెల్లం ముక్క పెట్టి పోయే యజమానులు కూడా ఉంటారు. ఆ వ్యసనం వేరు.

ఇక ఆపడం ఎలా అంటే, మా బావ అనుకున్నట్టు పగ్గం గుంజి పట్టడం చాలా మోటు పని. ఈ రోజుల్లో మైదానం చుట్టూ కెమెరాలున్నాయి. పరుగు అయిన వెంటనే స్టూవర్డులు బొమ్మ వేసుకొని చూస్తారు. అనుమానం వస్తే జాకీనీ ట్రైనరునూ పిలిచి సంజాయిషీ అడుగుతారు. తప్పు రుజువైతే జుల్మానా, నెలల తరబడి సస్పెన్షను. ప్రతి గుర్రాన్నీ దాని శక్తికొద్దీ పరిగెత్తించాలన్నది అన్నిచోట్లా ఉన్న నిబంధనే. అందుకని తెలిసినవాడు గుంజడు. మొదట్లో రెండు అడుగులు ఆలస్యంగా బయలుదేరతాడు. లేదా ముందు గోడలా పోతున్న గుర్రాల వెనక కంచె పక్కన ఇరుక్కుంటాడు. మలుపులో వెలుపలి నుంచి పోతాడు. దారి దొరికేసరికి పందెం అయిపోతుంది. ఇవన్నీ నిజాయితీగల జాకీకి కూడా వారానికి ఒకసారి జరిగేవే. అక్కడే ఉన్నది తంటా.

ఇంతకంటే సులువైన దారి ఇంకొకటున్నది. అందులో జాకీకి పనే లేదు. ఆరు ఫర్లాంగుల గుర్రాన్ని మైలు పందెంలో దింపండి. సగం సాధన మాత్రమే చేయించి దింపండి. జాకీ చెమటలు కక్కుతూ నిజాయితీగా తోలుతాడు, గుర్రం నిజాయితీగా ఓడుతుంది. కెమెరాకు దొరికేదేమీ లేదు. జనం మాత్రం తిట్టేది జాకీనే. అతడు పిలిస్తే వచ్చే కూలివాడు. ఈ లాయంవారు కాదంటే రేపు ఆ లాయంలో కూడా స్వారీ దొరకకపోవచ్చు. కళ్ళెం అతని చేతిలో కనిపిస్తుంది గాని, దాని రెండో కొస ఎక్కడున్నదో మనకు కనిపించదు.

ఇంకొక సూక్ష్మం ఉన్నది. ఫలానా గుర్రాన్ని గెలిపించాలంటే మిగతా తొమ్మిదిమంది జాకీలనూ కలుపుకోవాలి. ఫలానా గుర్రాన్ని ఓడించాలంటే ఒక్కడు చాలు. జనం డబ్బంతా ఒక గుర్రం మీద పడ్డప్పుడు, అది ఓడితే లాభపడేవాడెవడు? ఆ డబ్బు పుచ్చుకున్నవాడు. ఈ ప్రశ్న మా బావకు నాలుగేళ్ళలో ఒక్కసారీ తట్టలేదు. ఆయన కోపమంతా జాకీ మీద; ఫోనులోని మనిషి మాత్రం చాలా మర్యాదస్థుడు!

అయితే ఓడిన ప్రతి గుర్రాన్నీ ఎవరో ఆపారనడం కూడా అన్యాయమే. అందరూ గెలుస్తుందనే గుర్రం, అంటే ఫేవరెట్టు, ఏ దేశంలో చూసినా ఉరమరగా మూడింట ఒకసారి గెలుస్తుంది. మిగతా రెండుసార్లు ఓడడం దాని మామూలు. ముక్కులో నెత్తురు పడుతుంది, గిట్ట నొప్పి పెడుతుంది, మబ్బు పడితే మనసు బాగుండదు. అదీ ప్రాణే గదా. నేను బావ పుస్తకం తిరగేశాను. ఓడిన చోటల్లా ఎర్రసిరాతో 'ఆపిండు' అని ఉన్నది. గెలిచిన చోట 'నా లెక్క' అని ఉన్నది. ఆ పుస్తకాన్ని నేను సాక్ష్యంగా ఒప్పుకోను.

పెద్ద పెద్ద కోర్టులకే ఈ సాక్ష్యం దొరకలేదు. ఇంగ్లండులో ఆరుసార్లు చాంపియను జాకీ అయిన కీరన్ ఫాలన్ మీద, మరి కొందరి మీద, గుర్రాలను ఆపారని కేసు పెట్టారు. లండనులోని ఓల్డ్ బెయిలీ కోర్టులో 2007లో విచారణ జరిగింది. లెక్కకు వచ్చినవి 27 రేసులు. ఆపాడన్న ఆ రేసుల్లో ఫాలన్ గెలిచిన పాలు ఆయన మామూలు పాలుకంటే ఎక్కువ ఉన్నట్టు తేలింది! ఆస్ట్రేలియా నుంచి వచ్చిన నిపుణుడు బొమ్మలు చూసి తప్పులు ఎన్నాడు గాని, ఇంగ్లీషు రేసుల నిబంధనలు తనకు బాగా తెలియవని ఒప్పుకున్నాడు. డిసెంబరులో జడ్జిగారు కేసు కొట్టివేశారు. అందరూ నిర్దోషులుగా బయటికి వచ్చారు. నిపుణుడి కంటికే నిలబడనిది, చేతిలో ఇమిడే ఫోను తెర మీద మా బావ కంటికి నిలబడుతుందా?

మన దేశపు సుప్రీంకోర్టు ఈ వ్యవహారాన్ని మరో వైపు నుంచి చూసింది. మద్రాసు రేసు క్లబ్బును తమిళనాడు ప్రభుత్వం తీసుకొన్న వ్యాజ్యంలో, 1996 జనవరిలో, గుర్రప్పందెం ప్రధానంగా నైపుణ్యానికి సంబంధించినదే గాని కేవలం అదృష్టం కాదని తీర్పు చెప్పింది. గుర్రం పుట్టుక, సాధన, జాకీ నేర్పు - వీటిని తూచి పందెం కాసేవాడు జూదరి కాడన్నమాట.

ఇది చదివినప్పుడు నాకు నలుడు గుర్తుకు వచ్చాడు. ఋతుపర్ణుడికి నలుడు అశ్వహృదయం చెప్పాడు, బదులుగా అక్షహృదయం నేర్చుకున్నాడు. గుర్రం మనసు తెలియడం ఒక విద్య, పాచిక మనసు తెలియడం వేరొక విద్య. అంతకుముందు బాహుకుడి వేషంలో ఉన్న నలుడు బక్కగుర్రాలను ఏరి రథానికి కడితే, ఇవేం పరిగెత్తుతాయని రాజు వెటకారం చేశాడు. అవి గాలిలో పోయాయి. పైకి కనిపించేది ఒకటి, లోన ఉన్నది ఒకటి. (అన్నట్టు, నలుణ్ణి కాటువేసి బాహుకుణ్ణి చేసినవాడు కూడా ఆ తోకకు వేలాడిన కర్కోటకుడే. గుర్రం వ్యవహారం ఎక్కడున్నా ఆయన హాజరు.)

కోర్టువారి మాట నాకు సమ్మతమే, గుర్రం తన శక్తికొద్దీ పరిగెత్తినంతవరకు. ఈ వేళ అది పరిగెత్తుతుందా, ఇంకో రెండు వారాలకు పరిగెత్తుతుందా అన్నది యజమాని మనసులో ఉన్నప్పుడు, పందెం కాసేవాడు చదవవలసింది అశ్వహృదయం కాదు, యజమాని హృదయం. దానికి ఋతుపర్ణుడి దగ్గర కూడా మంత్రం లేదు. అడుగు తరగతి రేసుల్లో ఆరితేరినవారు గుర్రం వైపు చూడనే చూడరు. బుకీల పలక మీద ఏ పేరుకు ధర చప్పున పడిపోతున్నదో చూస్తారు. లోపలి డబ్బు అటు వెళ్ళిందని దాని అర్థం. బచ్చన్నపేటలో మంచం మీద పడుకొని ఫోను చూసేవాడికి ఆ వార్త చేరేసరికి ధర ఉండదు, డబ్బూ ఉండదు.

దీనికి తోడు పన్ను. 2017 నుంచి 28 శాతం ఉండిన జి.ఎస్.టి. 2025 సెప్టెంబరు 22 నుంచి 40 శాతమైంది. జనం మానుకోవాలనే కాబోలు. మానుకొనేవాడు 28కే మానుకొనేవాడు. మిగిలినవాడు పన్ను అడగని ఫోను మనిషిని వెతుక్కుంటాడు. మైదానంలో స్టూవర్డులన్నా ఉన్నారు, టిక్కెట్టన్నా చేతికి వస్తుంది. ఫోనులో ఏమున్నది?

నన్నడిగితే అనుమానాన్ని జుల్మానాలకంటే కాగితం బాగా తగ్గిస్తుంది. హాంకాంగులో ప్రతి పరుగు మీదా స్టూవర్డుల నివేదిక అచ్చవుతుంది. ఏ గుర్రం ఎక్కడ ఇరుక్కున్నది, ఏది ఆలస్యంగా బయలుదేరింది, ఏ గుర్రానికి ఏ జబ్బు చేసిందని పశువైద్యుడు రాశాడు - అన్నీ ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చును. ఇంగ్లండులో, నిన్నటిదాకా కుంటుతూ వచ్చిన గుర్రం ఇవాళ ఎగిరి గెలిస్తే, ఇంతలో ఏమి మారిందని ట్రైనరును స్టూవర్డులు నిలదీసి అడగవచ్చు. ఆయన చెప్పిన జవాబు అచ్చులోకి వస్తుంది. ఓడినవాణ్ణి అడగడం అందరికీ తెలుసు. గెలిచినవాణ్ణి కూడా అడగడం, ముఖ్యంగా రూపాయికి పది వచ్చిన రోజున, అందులోనూ అడుగు తరగతి రేసులో.