పరుగెత్తడానికి కాస్త చోటు

పరుగు అనగానే మనవారిలో చాలమందికి రెండే దృశ్యాలు తోస్తవి. ఒకటి, నాంపల్లి స్టేషనులో కదిలిపోతున్న రైలు వెంట సామానుతో పరుగెత్తే ప్రయాణికుడు. రెండవది, ఖరీదైన జోళ్ళు తొడుక్కొని నెక్లెస్ రోడ్డుపై పరుగెత్తే కలవారి బిడ్డ. ఈ రెండూ కాని ఒక తెలుగు అధ్యాపకుడు, ముప్పయి అయిదేళ్ళు దాటిన తర్వాత, పరుగెత్తడమేమిటని మా సహోద్యోగులు నవ్విన మాట నిజం. వారిపై మాకు కోపం లేదు. మొదటి దినాలలో మమ్ము చూసుకొని మాకే నవ్వు వచ్చేది.

2023 డిసెంబరులో పబ్లిక్ గార్డెన్స్‌లో ఆరంభించాము. అక్కడి షాహీ మసీదులో ఫజ్ర్ నమాజు ముగించుకొని, టోపీ జేబులో పెట్టుకొని, పరుగు మొదలుపెట్టడం అలవాటు చేసుకున్నాము. మొదటినాడు జూబిలీ హాలు దాకా పోయేసరికే ఊపిరందక చెట్టు పట్టుకొని నిలిచాము. నడకకు వచ్చిన ఒక పెద్దాయన ఆగి "ఖైరియత్ హై నా, మాస్టర్ సాబ్?" అని కుశలమడిగారు. ఆ జాలిచూపు మరునాడు మమ్ము మళ్ళీ అక్కడికి రప్పించింది.

దూరపు పరుగులో రహస్యమేమీ లేదు. వారానికి కొద్దికొద్దిగా, సుమారు పదోవంతు చొప్పున, దూరం పెంచుకుంటూ పోవాలి; ఆదివారం మాత్రం తక్కిన దినాలకంటె చాల ఎక్కువ దూరం, అదీ నిదానంగా, పరుగెత్తాలి. మా ఆదివారాలు లక్డీకాపూల్, ఖైరతాబాదు మీదుగా నెక్లెస్ రోడ్డుకు పోయి, టాంక్‌బండ్, బషీర్‌బాగ్ దారిన అబిడ్స్‌కు తిరిగివచ్చేవి. అప్పటికి అక్కడి కాలిబాటపై పాత పుస్తకాలు పరుస్తుండేవారు. చెమటచేతులతో పుస్తకం ముట్టుకుంటే అమ్మేవాడు కసురుకొనేవాడు. 2024 మార్చిలో రంజాన్ వచ్చినప్పుడు సాధన మానలేదు; దూరం సగానికి తగ్గించి, తరావీహ్ ముగిసిన తర్వాత పరుగెత్తాము. ఉపవాసపు పగటి ఎండలో పరుగెత్తడం వీరత్వం కాదు, మూర్ఖత్వమని మా అభిప్రాయం.

జోళ్ళ ఖరీదు విషయం ఒక్క మాట. 1978లో జలంధరులో శివనాథ్ సింగ్ 2 గంటల 12 నిమిషాలలో మారథాన్ ముగించి నెలకొల్పిన జాతీయ రికార్డు నాలుగు దశాబ్దాలకు పైగా చెక్కుచెదరలేదు. ఆయన వట్టి కాళ్ళతో పరుగెత్తడంలో ప్రసిద్ధుడు. మా జోళ్ళు అబిడ్స్‌లో కొన్న సామాన్యమైనవే.

2024 ఆగస్టు 25న హైదరాబాదు మారథాన్‌లో పాల్గొన్నాము. నెక్లెస్ రోడ్డులో చీకటిలోనే బయలుదేరి గచ్చిబౌలి స్టేడియం చేరాలి. నడుమ ఫ్లైఓవర్ల ఎక్కుదిగుళ్ళు. పైన ఆగస్టు ఉక్క. ముప్పయి కిలోమీటర్లు దాటగానే, అందరూ చెప్పినట్లే, కాళ్ళు మావి కాకుండా పోయినవి. కండరాలలోను, కాలేయంలోను దాచుకున్న గ్లైకోజన్ ఆ ప్రాంతంలో అడుగంటుతుంది; తర్వాతి దూరమంతా కొవ్వును కరగించుకుంటూ, మెల్లగా ఈడ్చవలసిందే. 1908 లండన్ ఒలింపిక్సులో విండ్సర్ కోట నుండి స్టేడియంలోని రాజకుటుంబపు ఆసనాల ముందుదాకా కొలిచిన దూరమే 1921లో 42.195 కిలోమీటర్లుగా స్థిరపడిందని చదివి ఉన్నాము. చివరి కిలోమీటరులో ఆ రాజకుటుంబాన్ని తలచుకొని విసుక్కున్నమాట దాచము. అయిదు గంటల ఇరవై నిమిషాలకు గమ్యం చేరాము.

మరునాడు పతకం తరగతికి తెచ్చాము. అది మా గర్వమే. అబ్బాయిలు ఎంతసేపు పట్టిందని అడిగారు. వెనుకబెంచీ నుండి ఒక అమ్మాయి లేచి, "హమ్ కహాఁ దౌడ్‌నా, సర్?" అని అడిగింది. మేమెక్కడ పరుగెత్తాలి అని. మా వద్ద జవాబు లేదు. చీకటితో పబ్లిక్ గార్డెన్స్‌కు పొమ్మని ఆమెతో అనగలమా? టాంక్‌బండ్ పైకి ఒంటరిగా పొమ్మనగలమా? మేము ఎనిమిది మాసాలు పరుగెత్తిన దారులన్నీ మగవానికి తెరచి ఉన్న దారులని ఆ ప్రశ్న విన్న తర్వాతగాని మాకు తోచలేదు.

ఆడవారికి దూరపు పరుగు తగదన్న మాట మన గల్లీలలో పుట్టింది కాదు. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్సులో అల్జీరియాలో పుట్టిన బుగేరా ఎల్ వాఫీ అనే రెనో కార్ఖానా కార్మికుడు మారథాన్ గెలిచాడు. స్త్రీల 800 మీటర్ల పందెం కూడ ఆ ఒలింపిక్సులోనే మొదటిసారి జరిగింది. అయితే వారు తట్టుకోలేరని పెద్దలు దాన్ని తీసివేసి 1960 దాకా తిరిగి పెట్టలేదు. స్త్రీల మారథాన్ ఒలింపిక్సులోకి వచ్చింది 1984లో. మా పందేనికి సరిగ్గా రెండు వారాల ముందు, 2024 ఆగస్టు 11న, పారిస్‌లో సిఫాన్ హసన్ 2 గంటల 22 నిమిషాల 55 సెకండ్లలో మారథాన్ గెలిచి, హిజాబ్‌తో పతకం స్వీకరించింది. తన క్రీడాకారిణులు ఒలింపిక్సులో హిజాబ్ ధరించరాదన్న ఫ్రాన్సు గడ్డపైనే అది జరిగింది. ఆడపిల్ల ఏమి ధరించాలో ఒకరు, ఎక్కడ తిరగరాదో మరొకరు నిర్ణయించే ఈ లోకంలో ఆ దృశ్యం మాకు సంతోషం కలిగించింది.

మతం పేరిట సంకోచించేవారికి ఒక మనవి. ప్రవక్త (స) హజ్రత్ ఆయిషాతో పరుగుపందెం వేసుకున్న విషయం అబూ దావూద్ హదీసు సంకలనంలో ఉన్నది. మొదట ఆమె గెలిచారు. కొంతకాలానికి ఆయన గెలిచారు. దీన్ని జుమ్మా ఉపన్యాసాలలో మేము వినినది తక్కువ.

కళాశాల కమిటీవారు ఆగ్రహించరాదు. మన మైదానం గేటుకు ఉదయం తొమ్మిది దాకా తాళం ఉంటుంది. తర్వాత అది వాహనాలు నిలిపే స్థలమవుతుంది. మేము అడుగులతో కొలిచాము: చుట్టూ సుమారు 280 మీటర్లు. మారథాన్‌కు 150 చుట్లు మించుతవి. ఆరంభించే పిల్లకు నాలుగు చుట్లు చాలు. ప్రహరీగోడ ఎత్తుగానే ఉన్నది. ఉదయం ఆరు నుండి ఏడున్నర దాకా, వారానికి మూడు దినాలు అమ్మాయిలకు, మూడు దినాలు అబ్బాయిలకు గేటు తెరిస్తే చాలు. ట్రాక్ వద్దు, శిక్షకుడు వద్దు. ఒక కుళాయి, ఒక దీపం, అమ్మాయిల దినాలలో ఒక అధ్యాపకురాలు ఉంటే సరిపోతుంది. ఇద్దరు అధ్యాపకురాండ్రు వంతులవారీగా రావడానికి ఇప్పటికే అంగీకరించారు.

ఈ కోరికతో అమ్మాయిలు రాసిన దరఖాస్తు ఒకటి కార్యాలయంలో ఉన్నది. సగం ఉర్దూలో, సగం తెలుగులో ఉన్నది, పదకొండు సంతకాలున్నవి. తెలుగు భాగంలో రెండు అక్షరదోషాలున్నవి, అవి మేము దిద్దలేదు. చౌకీదారుకు అంత ఉదయాన రావడం కష్టమైతే తాళంచెవి మాకిస్తే, ఫజ్ర్ తర్వాత మేమే వచ్చి గేటు తీసి వెళ్ళగలము.