టీకా వేసే రోజే బిడ్డ ఎదుగుదలనూ చూడండి

గౌరవనీయులైన కమిషనర్ గారికి,
ఆరోగ్య, కుటుంబ సంక్షేమ శాఖ,
తెలంగాణ ప్రభుత్వం, హైదరాబాద్.

విషయం: టీకాలకూ ఆటిజానికీ ముడిపెడుతున్న ప్రచారానికి ప్రభుత్వం సూటిగా సమాధానం చెప్పాలని, ఆటిజం ఉన్న పిల్లలకు అందవలసిన సేవలు అందించాలని కోరుతూ.

ఆర్యా,

మేము ఆటిజం ఉన్న పిల్లల తల్లిదండ్రులం. టీకాల వల్లే ఆటిజం వస్తుందని ఎవరు వాదించినా, చివరికి వేలు చూపేది మా పిల్లల వైపే. ఇన్నేళ్ల ఈ వాదంలో మమ్మల్ని సాక్ష్యంగా చూపినవారే గాని, మాకేం కావాలని అడిగినవారు లేరు.

శనివారం అంగన్‌వాడీ కేంద్రం దగ్గర వినబడే మాట ఒకటి మనవి చేస్తాం. ఏడాదిన్నర బిడ్డను చంకనెత్తుకుని రెండో ఎంఆర్ (తట్టు, రుబెల్లా) సూదికి వచ్చిన తల్లి ఆశా కార్యకర్తను అడుగుతుంది: “అక్కా, పక్క గల్లీల బాబుకు ఈ సూది ఏసినంకనే మాటలు బందైనయంట గదా?” “ఏం గాదమ్మా, జరమొస్తే పారాసిటమాల్ తాపు” అని జవాబు. అందులో తప్పేమీ లేదు, కానీ ఆమె అడిగింది జ్వరం గురించి కాదు. టీకా కార్డు సంచిలో పెట్టుకుని “మళ్లొస్త” అని ఆ తల్లి వెళ్లిపోతే, ఆశా కార్యకర్తను తప్పుపట్టలేం. ఆ ప్రశ్నకు సమాధానం ఆమెకు ఎవరూ నేర్పలేదు.

ఈ అనుమానం ఎక్కడ పుట్టిందో తమకు తెలుసు. 1998 ఫిబ్రవరిలో ఆండ్రూ వేక్‌ఫీల్డ్ బృందం లాన్సెట్ పత్రికలో 12 మంది పిల్లల గురించి ఒక పత్రం ప్రచురించింది. ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా) టీకాతో సంబంధం రుజువైందని ఆ పత్రం కూడా చెప్పలేదు. 2010లో లాన్సెట్ దాన్ని ఉపసంహరించుకుంది, అదే ఏడాది బ్రిటన్ వైద్య మండలి వేక్‌ఫీల్డ్ పేరును వైద్యుల జాబితా నుంచి తొలగించింది. డెన్మార్క్‌లో 6,57,461 మంది పిల్లలను గమనించి 2019లో ప్రచురించిన అధ్యయనంలో, టీకా వేయించుకున్నవారికి ఆటిజం ఎక్కువగా వచ్చిన దాఖలా లేదు. మాకు అన్నిటికన్నా ముఖ్యమైనది 2015 నాటి అమెరికా అధ్యయనం. 95,727 మంది పిల్లలను పరిశీలిస్తే, అక్కకో అన్నకో ఆటిజం ఉన్న పిల్లల్లో సైతం ఈ టీకా వల్ల ముప్పు పెరగలేదు. కానీ అలాంటి ఇళ్లలోనే చిన్న పిల్లలకు టీకాలు తక్కువగా వేయించారు. ఆ భయం మా ఇళ్లకు కొత్తది కాదు.

2025 నవంబరులో అమెరికా వ్యాధి నియంత్రణ, నివారణ కేంద్రం తన పాత మాట మార్చింది. టీకాలు ఆటిజానికి కారణం కావు అనడానికి ఆధారాలు చాలవన్నట్టు ప్రకటించింది. అక్కడున్న మన బంధువుల ఫోన్ల మీదుగా ఆ వార్త మన ఇళ్లకూ చేరుతుంది. పై లెక్కలేవీ ఆ ప్రకటనతో చెరిగిపోలేదు. అయితే అంత పెద్ద సంస్థ మాట మార్చినప్పుడు, ఇక్కడ మౌనంగా ఉంటే సరిపోదు.

కనుక మా కోరికలు ఇవి.

మొదటిది. టీకా వేశాక ఏఎన్ఎం నాలుగు మాటలు చెప్పాలన్న నియమం ఇప్పటికే ఉంది: ఏ టీకా ఇచ్చారు, ఏ ఇబ్బంది రావచ్చు, మళ్లీ ఎప్పుడు రావాలి, కార్డు జాగ్రత్త అని. ఆటిజం గురించి ఐదో మాట చేర్చండి. అది తెలుగులో, ఉర్దూలో ఉండాలి. ఆ మాటల్లో ఆటిజాన్ని భూతంగా చూపవద్దు. ఒక భయం పోగొట్టడానికి మా పిల్లలను ఇంకో భయంగా చేయనక్కరలేదు.

రెండోది, మా దృష్టిలో అసలైనది. ఎంఆర్ రెండో డోసు 16 నుంచి 24 నెలల మధ్య వేస్తారు. వచ్చిన మాటలు ఆగిపోవడం, పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడకపోవడం, కావలసినదాన్ని వేలితో చూపకపోవడం తల్లి కంటపడేదీ ఆ నెలల్లోనే. అనుమానానికి మూలం ఈ కాలం కలవడమే. అదే కలయికను మేలుకు వాడవచ్చు. 16 నుంచి 30 నెలల పిల్లల కోసం ఎం-చాట్-ఆర్ అనే 20 ప్రశ్నల పట్టిక ఉంది, జవాబులు తల్లిదండ్రులే చెప్పవచ్చు. సూది వేశాక అరగంట ఎలాగూ కూర్చోబెడతారు. ఆ అరగంటలోనే ఆ ప్రశ్నలు అడిగించండి. అవసరమైన బిడ్డకు జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి చీటీ, తేదీతో సహా, అక్కడే ఇప్పించండి.

చీటీ పట్టుకుని వెళ్తే అక్కడ మనిషి ఉండాలి. ఇది మూడో కోరిక. ఈ కేంద్రాలను నడిపే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013లోనే మొదలైంది. ప్రతి జిల్లా సత్వర చికిత్సా కేంద్రంలో స్పీచ్ థెరపిస్టు, ఆక్యుపేషనల్ థెరపిస్టు, సైకాలజిస్టు పోస్టులు నింపాలి. సికింద్రాబాద్‌లో మేధో వైకల్యాలున్నవారి కోసం జాతీయ సంస్థ ఉంది, నిజమే. ఆదిలాబాద్ నుంచి వారం వారం బిడ్డను అక్కడికి తీసుకురాగల కూలి కుటుంబం ఏది?

నాలుగోది. టీకా తర్వాత తీవ్రమైన ఇబ్బంది వచ్చిన ప్రతి కేసులో విచారణ నివేదిక ప్రతిని, అర్థమయ్యే తెలుగులో, ఆ కుటుంబానికి ఇవ్వాలి. నమ్మమని అడిగేవారు లెక్క చూపడం న్యాయం.

ఐదోది. ఒంట్లోని “టీకా విషం” తీసేస్తామని చెలేషన్ పేరుతోనూ, ఆటిజాన్ని నయం చేస్తామని స్టెమ్ సెల్ పేరుతోనూ మా ఆశతో వ్యాపారం చేసేవారిపై చర్య తీసుకోండి. 2005లో అమెరికాలో ఆటిజం ఉన్న ఐదేళ్ల బాలుడు చెలేషన్ చేస్తుండగానే చనిపోయాడు.

ఆరోది చిన్నదే. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ఆటిజాన్ని వైకల్యంగా గుర్తించింది. వైకల్య ధ్రువపత్రాల శిబిరాల్లో రద్దీని, చప్పుడును తట్టుకోలేని మా పిల్లలకు విడిగా ఒక సమయం కేటాయించాలి.

వీటిలో కొన్నింటికి నిధులు కావాలి, కొన్నింటికి ఒక సర్క్యులర్ చాలు. ఏది ఎప్పటిలోగా చేయగలరో, ఏది చేయలేరో కారణంతో సహా, 30 రోజుల్లో రాతపూర్వకంగా తెలియజేయగలరు. ఐదో మాట ముసాయిదా రాసేటప్పుడు మమ్మల్నీ పిలవగలరని మనవి.

ఇట్లు,
ఆటిజం ఉన్న పిల్లల తల్లిదండ్రులు

ప్రతులు: మహిళాభివృద్ధి, శిశు సంక్షేమ శాఖకు; దివ్యాంగుల సంక్షేమ శాఖకు; అన్ని జిల్లాల వైద్య, ఆరోగ్య శాఖాధికారులకు.