సేవకుల కరెంటు బిల్లు

కెనడాలో 1995వ సంవత్సరమున నారంభమైన ఓపెన్‌బీఎస్‌డీ యను ఆపరేటింగ్ సిస్టము యూనిక్సు వంశమునకు జెందినది. దానిని నానాదేశములందలి స్వచ్ఛంద సేవకులు పోషించుచున్నారు. వెల లేదు, సోర్స్ కోడు నెవరైనను జదువవచ్చును. 1999లో వీరు వెలువరించిన ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ లేనిదే దూరమందలి సర్వరులను సురక్షితముగా నడుపుట నేడు మహాసంస్థలకును కష్టము. అట్టివారు 2014 జనవరిలో, సుమారు 20,000 డాలర్ల కరెంటు ఖర్చునకు దారి చూపనిచో యంత్రము లాపవలసివచ్చునని మొఱపెట్టుకొనిరి! సేవకులు శ్రమను ధారవోయుదురు. కరెంటు కంపెనీ బిల్లును ధారవోయదు గదా. విరాళములు వచ్చి గండము గడచినది, సంతోషమే. కాని యీ సేవ ననుభవించు పెక్కు కోటీశ్వర సంస్థలకు మొఱ వినబడువఱకు తమ ఋణము స్ఫురింపకుండుటను మేము గర్హించుచున్నాము. మన హైదరాబాదు కంపెనీలకును ఈ మాట వర్తించును. యాచింపక మున్నే ఏటేట తమ వంతు పంపవలయును.