మే నెలలో నిలబడితేనే స్టేబుల్

5 గిగాహెర్ట్జ్ స్క్రీన్‌షాట్ గ్రూప్‌లో పెట్టగానే లైకులు పడతాయి. కానీ ఆ పీసీ కొత్తగూడెంలో మే నెల మధ్యాహ్నం కూడా నిలబడుతుందా? నా దృష్టిలో అసలు పరీక్ష అదే.

లెక్క సింపుల్. ఏ ఎయిర్ కూలరైనా ప్రాసెసర్‌ని గది వేడి కంటే చల్లబరచలేదు. 22 డిగ్రీల ఏసీ గదిలో 75 చూపించే చిప్, అదే లోడ్‌తో 42 డిగ్రీల గదిలో దాదాపు 95కి చేరుతుంది. యూట్యూబ్‌లో చూసిన సెట్టింగులు మన సింగరేణి ఊళ్ళో పనిచేయకపోవడానికి ఇదొక పెద్ద కారణం.

క్రాష్ అయితే చాలామంది వెంటనే వోల్టేజీ పెంచేస్తారు. దాంతో వేడి ఇంకా పెరుగుతుంది. ముందు బయోస్ డిఫాల్ట్‌కి వెళ్ళండి. అక్కడా క్రాష్ అవుతుంటే తప్పు ఓవర్‌క్లాక్‌ది కాదు. ర్యామ్, పవర్ సప్లై, కూలర్ బిగింపు చూడాలి. బాగుంటే ఒకసారికి ఒక్కటే మార్చండి. ర్యామ్ ఎక్స్‌ఎంపీ ఆన్ చేసి రాత్రంతా మెమ్‌టెస్ట్86 నడపండి, ఆ తర్వాతే ప్రాసెసర్ జోలికి వెళ్ళండి.

బ్లూ స్క్రీన్ నయం, కనీసం చెప్పి పోతుంది. చప్పుడు లేకుండా ఒక బిట్ తప్పే ర్యామ్ మీ ప్రాజెక్ట్ ఫైల్‌ని పాడుచేయగలదు. బ్యాకప్‌లోకీ ఆ పాడైనదే వెళ్తుంది. 200 మెగాహెర్ట్జ్ కోసం సెమిస్టర్ పనిని పణంగా పెట్టడం నాకైతే దండగ.