స్క్రూడ్రైవర్ ఎవరి చేతిలో ఉంది?

"ఆడపిల్లలకు మోటార్లంటే ఆసక్తి ఉండదు మేడమ్" - మా బడి స్టాఫ్‌రూములో ఈ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. నేను భౌతికశాస్త్రం చెప్పే టీచర్ని. ఈ మాట పచ్చి అబద్ధమని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

2016లో మొదలైన అటల్ ఇన్నోవేషన్ మిషన్ కింద ఒక్కో బడికి 20 లక్షల రూపాయల దాకా ఇచ్చి టింకరింగ్ ల్యాబులు పెట్టించారు. ఆరు నుంచి పన్నెండు తరగతుల పిల్లలకోసమన్నారు. ఆడా మగా తేడా కాగితం మీద లేదు. ల్యాబులో మాత్రం మగపిల్లలు ఆర్డుయినో బోర్డు ముందు కూర్చున్నారు. ఆడపిల్లలు చార్టుల మీద అందంగా అక్షరాలు రాశారు, రికార్డులు నింపారు, చివర్లో బల్లలు తుడిచారు. వంటింటి పని విభజనే ల్యాబులోకి నడిచొచ్చింది.

ఆ ఏడు మా పిల్లలు రైల్వేగేటు నమూనా చేశారు. గేటు ఎత్తడానికి చిన్న సర్వో మోటారు. దానికి మూడు తీగలు: ఎరుపు కరెంటుకి, గోధుమరంగు గ్రౌండుకి, నారింజరంగు బోర్డు నుంచి ఆదేశం రావడానికి. గేటు లేవబోయినప్పుడల్లా బోర్డు ఆగిపోయి మళ్ళీ మొదటికొచ్చేది. మగపిల్లలు రెండు రోజులు ప్రోగ్రాము మార్చి మార్చి రాశారు. చార్టు రాస్తున్న తొమ్మిదో తరగతి పిల్ల తలెత్తి, "మా ఇంట్లో నీళ్ళ మోటారు వేస్తే బల్బు డిమ్మవుతుంది, అలాంటిదేనా టీచర్?" అంది.

అలాంటిదే! మోటారు కదలబోయే క్షణంలో కరెంటు ఎక్కువ లాగుతుంది. బోర్డుకు అందే వోల్టేజి పడిపోతుంది. మోటారుకు వేరే బ్యాటరీ పెట్టి, రెండింటి గ్రౌండు తీగలూ కలిపించింది ఆ పిల్లే. గేటు లేచింది.

జిల్లా ప్రదర్శనకు వెళ్ళింది మాత్రం ముగ్గురు మగపిల్లలు. "రాత్రి బస ఉంది, ఆడపిల్లనెలా పంపుతాం?" అన్నారు. ఆ జాబితా కింద నా సంతకం కూడా ఉంది. ఆ సిగ్గు నాదే.

ఇది కొత్త కథ కాదు. 1946లో అమెరికాలో ఎనియాక్ కంప్యూటర్‌ని లోకానికి చూపించినప్పుడు, దాన్ని ప్రోగ్రాం చేసిన ఆరుగురు స్త్రీలను ఎవరూ పరిచయం చెయ్యలేదు.

బొమ్మలాటకి ఇంత గోలెందుకంటారా? మన ఊళ్ళలో వంగి నాట్లు వేసింది ఆడవాళ్ళు. నాటుయంత్రం వచ్చిన చోట సీటెక్కింది ఎక్కువగా మగవాళ్ళు. కూలి పోయింది ఆడవాళ్ళకి. యంత్రాన్ని కదిలించే విద్య ఎవరికి నేర్పుతామన్నది బొమ్మలాట కాదు, రేపటి తిండి ప్రశ్న.

అందుకే అడుగుతున్నాను. ల్యాబు పని బడి వేళల్లోనే జరగాలి. సాయంత్రం నీళ్ళూ, తమ్ముళ్ళూ, ఆఖరి బస్సూ ఆడపిల్లల కోసం కాచుకుని ఉంటాయి. తీగలు కలపడం, ప్రోగ్రాము రాయడం, చార్టు రాయడం, బల్ల తుడవడం - అన్నీ అందరికీ వంతులవారీగా రావాలి. బయటి ప్రదర్శనలకు ఆడపిల్లల వెంట టీచరమ్మను బడి ఖర్చుతో పంపాలి. భద్రత లేకపోతే భద్రత కల్పించాలి గాని, పిల్ల పేరు కొట్టెయ్యడమేమిటి?

అక్కల్లారా, చెల్లెళ్ళారా, మీ ఊరి బడికి వెళ్ళండి. ల్యాబు తలుపు తీయించండి. స్క్రూడ్రైవర్ ఎవరి చేతిలో ఉందో చూడండి. ఆడపిల్ల పేరు లేని జాబితా మీద ఇకమీదట నేను సంతకం పెట్టను.